ఫైల్ పేరు ఒకటి, లోపల ఉన్నది ఇంకొకటి: పోర్టల్ పంపే జవాబు మీద చీటీ ఎవరు అంటిస్తారు?

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకే ప్రశ్న అడిగారు. "పోర్టల్‌లో డౌన్‌లోడ్ నొక్కితే ఒక్కోసారి పీడీఎఫ్ వస్తుంది, ఒక్కోసారి తెరుచుకోని ఫైల్ వస్తుంది, ఒక్కోసారి స్క్రీన్ నిండా చెత్త అక్షరాలు వస్తాయి. ఎందుకు?" అని. ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం. ముందు మా ఇంట్లో జరిగిన ఒక విషయం చెప్తాను.

మా పిన్ని కూతురు ఒక ఎంట్రన్స్ ఎగ్జామ్ రాయాలి. వాళ్లుండేది సాలూరు దగ్గర పల్లె, సెంటర్ పడింది విజయనగరంలో. ముందురోజు రాత్రి హాల్‌టికెట్ డౌన్‌లోడ్ చేసుకుంది. ఫోన్‌లో "హాల్‌టికెట్ డాట్ పీడీఎఫ్" అని వచ్చింది, పక్కన టిక్ మార్క్ కూడా వచ్చింది. పొద్దున్నే బస్ దిగి నెట్ సెంటర్‌లో ప్రింట్ తీసుకుందాంలే అని పడుకుంది. మనం ఎవరమైనా అదే చేస్తాం కదా.

పొద్దున్న ఆరున్నరకి నాకు ఫోన్. "అన్నయ్యా, ఫైల్ తెరుచుకోవట్లేదు. డ్యామేజ్ అయింది అంటోంది. ఏడున్నరకల్లా సెంటర్‌లో ఉండాలి" అని. గొంతులో ఏడుపు తెలిసిపోతోంది. నాకు వాట్సాప్ చెయ్యమన్నాను. ఫైల్ వచ్చింది. సైజ్ చూస్తే 2 కేబీ! ఫొటో, సంతకం, బార్‌కోడ్ అన్నీ ఉండాల్సిన హాల్‌టికెట్ 2 కేబీలో ఎలా పడుతుంది? అనుమానం వచ్చి దాన్ని పీడీఎఫ్ యాప్‌లో కాకుండా మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచాను. లోపల ఉన్నది హాల్‌టికెట్ కాదు, ఒక చిన్న వెబ్‌పేజీ. అందులో ఇంగ్లిష్‌లో ఒక్క మాట: మీ సెషన్ ముగిసింది, మళ్లీ లాగిన్ అవ్వండి.

అంటే రాత్రి ఆ పోర్టల్ పంపింది లాగిన్ పేజీ. పైన అంటించిన చీటీ మాత్రం "ఇది పీడీఎఫ్" అని. ఫోన్ ఆ చీటీని నమ్మింది, మా చెల్లి ఫోన్‌ని నమ్మింది.

తర్వాత ఏం జరిగిందో చివర్లో చెప్తాను. ఆ చీటీ ఏంటి, దాన్ని ఎవరు రాస్తారు, ఎందుకు తప్పు రాస్తారు అన్నది ముందు చూద్దాం.

మన ఇళ్లల్లో వంటగది చూడండి. హార్లిక్స్ సీసాలో కందిపప్పు ఉంటుంది. బిస్కెట్ల డబ్బా తెరిస్తే సూదీ దారం ఉంటుంది. అమ్మకి ఏది ఎక్కడుందో తెలుసు కాబట్టి ఇబ్బంది లేదు. చుట్టం వచ్చి టీ పెట్టబోతే పంచదార అనుకుని ఉప్పు వేసేస్తాడు. ఇంటర్నెట్‌లో మన ఫోన్ ఆ చుట్టం లాంటిది. దానికి వచ్చేవి బైట్లు, అంటే అంకెల వరస. ఫొటో అయినా పాట అయినా మార్కుల మెమో అయినా అంకెలే. అవి ఏమిటో ఎవరో ఒకరు చెప్పాలి.

అందుకే మీరు ఒక లింక్ నొక్కినప్పుడు సర్వర్ పంపే జవాబులో మూడు భాగాలుంటాయి. మొదటిది ఒక నంబర్. 200 అంటే అంతా సవ్యం, 404 అంటే అడిగింది దొరకలేదు. రెండోది హెడర్లు, అంటే పార్సిల్ మీద రాసే వివరాలు. మూడోది అసలు సరుకు. ఈ హెడర్లలో ఒక వరస పేరు కంటెంట్ టైప్. దాని ముందు భాగం జాతి, తర్వాత ఒక స్లాష్, ఆ తర్వాత రకం. వెబ్‌పేజీ అయితే టెక్స్ట్ స్లాష్ హెచ్‌టీఎంఎల్. ఫొటో అయితే ఇమేజ్ స్లాష్ జేపెగ్. పీడీఎఫ్ అయితే అప్లికేషన్ స్లాష్ పీడీఎఫ్. నేను చీటీ అంటున్నది దీన్నే.

ఈ పద్ధతి వెబ్ కోసం పుట్టింది కూడా కాదు, ఈమెయిల్ కోసం పుట్టింది. అప్పట్లో ఈమెయిల్ అంటే ఉత్త ఇంగ్లిష్ అక్షరాలే. 1992 మార్చిలో నతానియెల్ బోరెన్‌స్టీన్ అనే ఆయన తన పాటల బృందం ఫొటో, వాళ్లు పాడిన పాట కలిపి ఒక మెయిల్ పంపాడు. ఆయన, నెడ్ ఫ్రీడ్ కలిసి తయారు చేసిన ఆ పద్ధతి పేరు మైమ్. మెయిల్‌లో ఏ ముక్క ఫొటో, ఏ ముక్క పాట అని చెప్పడానికి ఈ చీటీలు పెట్టారు. 1991 నాటి తొలి వెబ్‌లో చీటీయే లేదు, ఎందుకంటే వచ్చేది వెబ్‌పేజీ ఒక్కటే. తర్వాత బొమ్మలూ పాటలూ వచ్చేసరికి వెబ్ కూడా మైమ్‌ని అరువు తెచ్చుకుంది. 1996లో వచ్చిన హెచ్‌టీటీపీ 1.0 పత్రంలో అది రాతపూర్వకంగా ఉంది. ఈరోజు మీరు రీల్ చూసినా, రిజల్ట్ చూసినా వెనకాల నడిచేది ఆ మెయిల్ చీటీయే.

సరే, అసలు ప్రశ్నకి వద్దాం. ఆ చీటీ మీద ఏం రాయాలో పోర్టల్ ఎలా తేల్చుకుంటుంది? లోపల చూసి రాస్తుంది అనుకుంటాం. చాలాసార్లు అస్సలు చూడదు! ముఖ్యంగా నాలుగు దారులున్నాయి.

మొదటి దారి, ఫైల్ పేరు చివరి అక్షరాలు చూసి రాయడం. అపాచీ, ఎంజిన్‌ఎక్స్ లాంటి సర్వర్ సాఫ్ట్‌వేర్‌లలో మైమ్ టైప్స్ అని ఒక పట్టిక ఉంటుంది. డాట్ పీడీఎఫ్ అయితే ఈ చీటీ, డాట్ జేపీజీ అయితే ఆ చీటీ. అంతే. ఫైల్ తెరిచి చూడడం ఉండదు. పేరు పట్టికలో లేకపోతే చాలా సర్వర్లు ఆక్టెట్ స్ట్రీమ్ అని రాసేస్తాయి. అంటే "ఇవి కొన్ని బైట్లు, ఏమిటో నాకు తెలియదు" అని ఒప్పేసుకోవడం. అప్పుడు బ్రౌజర్ దాన్ని చూపించకుండా డౌన్‌లోడ్‌లో పడేస్తుంది. "ఈ ఫైల్ తెరవడానికి యాప్ లేదు" అని ఫోన్ చెప్పే సందర్భాల్లో చాలావాటికి కారణం ఇదే. లోపల ఉన్నది మంచి పీడీఎఫ్పే అయ్యుండొచ్చు, చీటీ మాత్రం ఖాళీ.

రెండో దారి, ప్రోగ్రామ్ రాసినవాళ్లు చీటీని స్వయంగా రాయడం. హాల్‌టికెట్, ఇన్‌కమ్ సర్టిఫికెట్, కరెంట్ బిల్లు ఇవన్నీ ముందే తయారుచేసి పెట్టిన ఫైళ్లు కాకపోవచ్చు. మీరు నొక్కగానే మీ వివరాలు తీసి అప్పటికప్పుడు తయారు చేసి పంపుతారు. అలాంటప్పుడు "ఇది పీడీఎఫ్" అని ప్రోగ్రామ్‌లోనే చెప్పాలి. చెప్పడం మర్చిపోతే? పీహెచ్‌పీ అనే భాషలో ఏమీ చెప్పకపోతే టెక్స్ట్ హెచ్‌టీఎంఎల్ అని తనే రాసేస్తుంది. అప్పుడు బ్రౌజర్ మంచి పీడీఎఫ్‌ని వెబ్‌పేజీ అనుకుని చదివి, స్క్రీన్ నిండా పిచ్చి గుర్తులు పోస్తుంది. మొదట్లో చూడండి, శాతం గుర్తు పక్కన పీడీఎఫ్ అని మూడు ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి. అది కనిపిస్తే సరుకు బాగానే ఉందని, తప్పంతా చీటీదని అర్థం.

మా చెల్లికి జరిగింది దీనికి తిరగేసిన తప్పు. ఇలాంటి ప్రోగ్రామ్‌లో మొదటి వరసలోనే "నేను పంపేది పీడీఎఫ్, పేరు హాల్‌టికెట్" అని చీటీ రాసేస్తారు. ఆ తర్వాత లాగిన్ ఇంకా ఉందా అని చూస్తారు. లాగిన్ పోయి ఉంటే "మళ్లీ లాగిన్ అవ్వండి" అనే పేజీ బయటికి వస్తుంది. చీటీ మార్చడం మర్చిపోతారు. నంబర్ కూడా 200, అంటే అంతా సవ్యం అనే. ముందు చూసుకుని తర్వాత చీటీ రాసి ఉంటే, ఆ రాత్రి మా చెల్లి స్క్రీన్ మీద లాగిన్ పేజీ కనిపించేది, మళ్లీ లాగిన్ అయ్యేది. రెండు వరసలు ముందూ వెనకా అయినందుకు పొద్దున్నే ఒక పిల్ల నడిరోడ్డు మీద నిలబడి ఏడవాల్సి వచ్చింది.

మూడో దారి, అప్‌లోడ్ చేసినవాళ్లు చెప్పిందే మళ్లీ చెప్పడం. మీరు అప్లికేషన్‌లో ఫొటో పెట్టినప్పుడు మీ బ్రౌజర్ కూడా ఆ ఫొటోకి ఒక చీటీ అంటించి పంపుతుంది. అది కూడా సాధారణంగా పేరు చివరి అక్షరాలు చూసి రాసిందే. కొన్ని పోర్టల్స్ దాన్నే దాచుకుని, రేపు ఎవరైనా ఆ ఫొటో అడిగితే అదే చీటీతో ఇస్తాయి. జాగ్రత్తగా కట్టిన పోర్టల్ మాత్రం లోపలికి తొంగి చూస్తుంది. చాలా రకాల ఫైళ్లకి మొదటి కొన్ని బైట్లలో ఒక పుట్టుమచ్చ ఉంటుంది. పీడీఎఫ్‌కి ఏంటో ఇందాక చెప్పాను. పీఎన్‌జీ ఫొటోలో రెండో అక్షరం నుంచి పీ, ఎన్, జీ అని ఉంటుంది. జిప్ ఫైల్ పీ, కే అనే రెండు అక్షరాలతో మొదలవుతుంది. జిప్‌ని తయారుచేసిన ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలు అవి.

మీలో చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. నెట్‌లో సేవ్ చేసిన ఫొటో వెబ్‌పీ అని వస్తుంది. పోర్టల్ "జేపీజీ మాత్రమే" అంటుంది. మీరు తెలివిగా పేరు చివర వెబ్‌పీ తీసేసి జేపీజీ అని పెడతారు. పోర్టల్ లోపల చూస్తే పుట్టుమచ్చ వెబ్‌పీది. ఇన్‌వ్యాలిడ్ ఫైల్ టైప్! ఫొటోని ఏదైనా ఎడిటర్‌లో తెరిచి జేపీజీగా సేవ్ చేస్తే నిజంగా మారుతుంది. పేరు మారిస్తే మారేది పేరే.

నాలుగో దారి, మీరు అడిగినదాన్ని బట్టి ఇవ్వడం. మీ బ్రౌజర్ అడిగేటప్పుడే "నాకు వెబ్‌పేజీలు తెలుసు, వెబ్‌పీ బొమ్మలు కూడా తెలుసు" అని యాక్సెప్ట్ అనే వరసలో చెప్తుంది. చాలా సైట్లు అది చూసి, జేపీజీ బదులు సైజ్ తక్కువ ఉండే వెబ్‌పీ పంపుతాయి. లింక్‌లో డాట్ జేపీజీ అని ఉన్నా సేవ్ చేస్తే వెబ్‌పీ వచ్చేది ఇందుకే. అలాగే కొన్ని పోర్టల్స్ ఒకే అడ్రస్ నుంచి బ్రౌజర్‌కి వెబ్‌పేజీ ఇచ్చి, యాప్‌కి జేసన్ అనే ఉత్త డేటా ఇస్తాయి. ఎప్పుడైనా పేజీ బదులు మీసాల బ్రాకెట్లు, కోట్ గుర్తులు, మీ పేరు, రోల్ నంబర్ కలగాపులగంగా కనిపించాయా? యాప్‌కి వెళ్లాల్సిన జవాబు దారి తప్పి మీకు వచ్చింది అన్నమాట.

ఇప్పుడు మీకు డౌట్ రావాలి. సర్వర్ చీటీ తప్పు రాసిందని తెలుసు కదా, మరి బ్రౌజరే లోపల చూసుకోవచ్చుగా? ఒకప్పుడు ఆ పని చాలా గట్టిగా చేశారు. దాన్ని స్నిఫింగ్ అంటారు, అంటే వాసన చూడడం. పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ చీటీని పక్కనపెట్టి మరీ వాసన చూసేది. సాయం చేద్దామనే చేసింది. దొంగలు దాన్నే వాడుకున్నారు. పైకి ఫొటోలా కనిపించే ఫైల్‌లో వెబ్‌పేజీ కోడ్ దాచి ఫొటోలు పెట్టుకునే సైట్లలో అప్‌లోడ్ చేశారు. సైట్ "ఇది ఫొటో" అనే చీటీతోనే ఇచ్చింది. బ్రౌజర్ వాసన చూసి "కాదు, ఇది వెబ్‌పేజీ" అని అందులోని కోడ్ నడిపేసింది. ఆ కోడ్‌కి మీ లాగిన్ అందేది. అందుకే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8 కాలంలో నోస్నిఫ్ అనే మాట తెచ్చారు. సర్వర్ ఆ మాట చెప్తే బ్రౌజర్ వాసన చూడకూడదు, చీటీనే పాటించాలి. ఇప్పటి బ్రౌజర్లన్నీ దాన్ని గౌరవిస్తాయి, వాసన చూసినా కొన్ని నియమాల ప్రకారమే చూస్తాయి. కాబట్టి బాధ్యత మళ్లీ చీటీ రాసేవాళ్ల మీదకే వచ్చింది.

మన తెలుగుకి కూడా ఈ చీటీతో ఒక లెక్క ఉంది. కంటెంట్ టైప్ చివర చార్‌సెట్ అని ఒక చిన్న తోక ఉంటుంది. ఇప్పుడు దాదాపు అంతా యూటీఎఫ్-8. ఇందులో ఒక్కో తెలుగు అక్షరానికి, గుణింతం గుర్తుకి కూడా, 3 బైట్లు పడతాయి. "తెలుగు" అనే మాటలో మూడు అక్షరాలు, మూడు గుర్తులు, మొత్తం 18 బైట్లు. చార్‌సెట్ తోక లేకపోయినా, తప్పు రాసినా బ్రౌజర్ దాన్ని యూరప్ లిపి అనుకోవచ్చు. అప్పుడు ఒక్కో బైట్‌కి ఒక్కో గుర్తు వేస్తుంది. చిన్న ఇంగ్లిష్ ఏ మీద ఒక ఏటవాలు గీత, పక్కనే డిగ్రీ గుర్తు లేదా ప్లస్ మైనస్ గుర్తు, మళ్లీ అదే ఏ, మళ్లీ అదే గుర్తు. ఊళ్ల పేర్ల లిస్టులోనో, నోటీసులోనో ఇలాంటి వరస చూసే ఉంటారు. అది వైరస్ కాదు, మీ ఫోన్ పాడవ్వలేదు. కింద ఉన్నది చక్కటి తెలుగే, చీటీ తోక తెగింది.

ఇంతవరకూ చెప్పినవి పొరపాట్లు. కావాలని చేసే మోసం ఒకటుంది, అది వినకుండా వెళ్లొద్దు. "పెళ్లి పత్రిక", "ట్రాఫిక్ చలాన్" అంటూ వాట్సాప్‌లో ఫైల్స్ వస్తున్నాయి కదా. పేరు పొడవుగా ఉంటుంది, చివర మాత్రం డాట్ ఏపీకే. ఫోన్ స్క్రీన్ మీద పొడుగు పేర్లు కత్తిరించి చూపిస్తుంది కాబట్టి ఆ చివర మీకు కనిపించకపోవచ్చు. ఏపీకే అంటే పత్రిక కాదు, యాప్. అది ఇన్‌స్టాల్ అయితే మీ మెసేజ్‌లు, ఓటీపీలు చదివే అనుమతి అడుగుతుంది, మీరు ఇచ్చేస్తే డబ్బు పోతుంది. ఆండ్రాయిడ్ ఒక్క చోట మాత్రం మిమ్మల్ని ఆపుతుంది. "ఈ యాప్ నుంచి తెలియని యాప్స్ ఇన్‌స్టాల్ చేయనివ్వాలా?" అని అడుగుతుంది. పెళ్లి పత్రిక చదవడానికి ఇన్‌స్టాల్ ఎందుకు? ఆ ప్రశ్న కనిపించగానే వెనక్కి వచ్చేయండి. ఇంట్లో అమ్మానాన్నలకి ఈ ఒక్క ముక్క ఈరోజే చెప్పండి.

ఇక మనం చేయగలిగినవి. ఒకటి, డౌన్‌లోడ్ అయింది అన్న టిక్ మార్క్‌ని నమ్మకండి. అక్కడికక్కడే ఫైల్ తెరవండి, మీ పేరూ ఫొటో కనిపిస్తేనే పని అయినట్టు. రెండు, సైజ్ చూడండి. ఫొటో ఉండాల్సిన పీడీఎఫ్ 1, 2 కేబీ ఉంటే అది దాదాపుగా ఎర్రర్ పేజీయే. లాగౌట్ అయ్యి, మళ్లీ లాగిన్ అయ్యి తీసుకోండి. మూడు, తెలిసిన పోర్టల్ నుంచి పేరు చివర ఏమీ లేని ఫైల్ వచ్చి, సైజ్ మాత్రం సరిగ్గా ఉంటే, పేరు చివర డాట్ పీడీఎఫ్ అని చేర్చి చూడండి. పేరు మారిస్తే లోపలిది మారదు అన్నాను కదా, ఇక్కడ లోపలిది ఎలాగూ పీడీఎఫ్పే, ఫోన్‌కి దారి చూపిస్తున్నాం అంతే. నాలుగు, మీలో ఎవరైనా రేపు ప్రోగ్రామర్లు అవుతారు, ఏదో ఒక పోర్టల్ రాస్తారు. ముందు సరుకు చూసుకుని తర్వాత చీటీ రాయండి. ఎర్రర్ వస్తే ఎర్రర్ అనే నంబర్‌తోనే, వెబ్‌పేజీ అనే చీటీతోనే పంపండి.

మా చెల్లి సంగతి చెప్తానన్నాను కదా. మళ్లీ లాగిన్ అవ్వాలంటే ఓటీపీ కావాలి, ఓటీపీ వెళ్లేది బాబాయ్ ఫోన్‌కి. ఆయన అప్పటికే పొలంలో ఉన్నాడు, ఫోన్ ఇంట్లో ఛార్జింగ్‌లో ఉంది. పిన్నికి చదవడం సరిగ్గా రాదు. పక్కింటి అబ్బాయిని పిలిచి ఓటీపీ చదివించేసరికి టైమ్ అయిపోయి రెండోసారి అడగాల్సి వచ్చింది. మొత్తానికి గేట్ మూసే ముందు లోపలికి వెళ్లింది, పరీక్ష రాసింది. అదే నెట్ సెంటర్‌లో ఇంకో ఇద్దరు అలాంటి 2 కేబీ ఫైల్ పట్టుకుని నిలబడ్డారని తర్వాత చెప్పింది. వాళ్లు లోపలికి వెళ్లారో లేదో తనకి తెలియదు.

నేను ఈ ఎపిసోడ్ చేసింది ఆ ఇద్దరి గురించి ఆలోచించే. మీ ఫ్రెండ్స్‌లో ఎవరికైనా ఈ నెలలో పరీక్ష ఉంటే ఇది పంపండి. ఇవాళే హాల్‌టికెట్ తెరిచి చూసుకోమనండి. మీకు ఇలాంటి ఫైల్ ఎప్పుడైనా వచ్చిందా, ఎలా బయటపడ్డారో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. ఉంటాను.